సెమికోలన్ మాస్టారి ఆఖరి ప్రోగ్రాం

శిక్షణ కేంద్రంలో పిల్లలు మా ఆయనకి పెట్టిన పేరు సెమికోలన్ మాస్టారు. ప్రోగ్రాంలో ఆ ఒక్క గుర్తు మరిచిపోతే మార్కులన్నీ కోసేసేవారు. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు తక్కువైందని అనరు. "నువ్వు వేసినంతే ఉందిలే" అంటారు. అలాంటి మనిషితో కాపురం చేస్తే తెలుస్తుంది ఎవరికైనా!

ఆ కేంద్రం మూతపడింది. గది నిండా పాత కంప్యూటర్లు మిగిలాయి. మ్యూజియం వాళ్లకి వాటిలో మొదటి రకానిది ఒక్కటి కావాలి, మిగతావన్నీ తుక్కుకి. చిక్కేమిటంటే రెండు రకాలకీ పైన ఒకటే పెట్టె, ఒకటే మీటలు. లోపలి బోర్డుల మీద అక్షరాలు ఏనాడో చెరిగిపోయాయి.

కిటికీ పక్కనున్నదే మొదటి రకమని ఈయనకి తెలుసు. ఉద్యోగంలో చేరిన రోజున తన చేత్తో అట్టపెట్టె విప్పి బల్ల మీద పెట్టింది దాన్నే. నేనక్కడ టైపిస్టుగా చేరిన కొత్తలో, దాని తెర నిండా నా పేరు పడేలా చిన్న ప్రోగ్రాం రాసి, ఏమీ ఎరగనట్టు స్క్రూడ్రైవర్ వెతుక్కుంటూ కూర్చున్నారు. ప్రేమలేఖంటే మా మధ్య అదొక్కటే.

"నోటి మాట చాలదండీ మాస్టారూ, రుజువు కావాలి," అంది మ్యూజియం మేడమ్.

"దానికేం భాగ్యం! ప్రోగ్రాం రాసిస్తాను," అన్నారు ఈయన. ఎన్నాళ్లకో ఎవరో పని అడిగారని మురిసిపోయారు.

బేసిక్ అనే కంప్యూటర్ భాషలో నాలుగు ముక్కలు. యంత్రానికి పుట్టుకతో వచ్చిన తెలివంతా లోపల ఒక చిప్పులో ఉంటుందట. అందులో ఫలానా చోట ఏ అంకె ఉందో చూసి, మొదటి రకమో రెండో రకమో తెర మీద చూపిస్తుంది ప్రోగ్రాం. పైకి చదివి నాకు వినిపిస్తూ మరీ రాశారు, సెమికోలన్‌తో సహా.

మర్నాడు మేడమ్ ముందు ఒక్కోదాని మీదా నడిపించారు. కిటికీ పక్కదాని మీద "రెండో రకం" అని పడింది. మళ్లీ నడిపించారు. మళ్లీ అదే. తలుపు దగ్గరున్న దిక్కుమాలిన దాని మీద మాత్రం "మొదటి రకం" అని వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి. ఏది మొరాయించినా పక్కదాని చిప్పు పీకి పెట్టడం అక్కడ మామూలే. కొత్తవి ఎవడు కొనిచ్చాడు గనక? ఓ తనిఖీ రోజున తలుపు దగ్గరది చచ్చి కూర్చుంటే, వచ్చినవాళ్లు ముందు చూసేది దాన్నేనని, కిటికీ పక్కదాని చిప్పు తీసి దానికి పెట్టారు. తర్వాత దీనికి ఏదో రెండో రకందాని చిప్పు తగిలించారు. ఆ సంగతంతా మేడమ్‌కి చెప్పి, మూత విప్పి చూపించారు.

"అంటే మీ ప్రోగ్రాం తప్పు చెప్పిందన్నమాట. తప్పని ఒక్క మాట అనండి, దీన్నే తీసుకెళ్తాను," అంది. పాపం, మంచిదే.

"తప్పు కాదండీ. చిప్పులో ఉన్నదే చెప్పింది."

"సరిగ్గా చెబితే, తలుపు దగ్గరదే మొదటి రకం కదా?"

"కాదండీ, ఇదే. ప్రోగ్రామూ సరైనదే."

నేను మోచేత్తో పొడిచాను. "తప్పని అనేస్తే మీ సొమ్మేం పోయిందండీ?"

"ఎలా అంటానే? ఒక్క లైను తప్పుంటే చూపించు!" అని నా మీదకి లేచారు.

ఒళ్లు మండిపోయింది. "తప్పేనమ్మా, ఈయన మాట పట్టించుకోకండి," అని నేనే అనేశాను. ఆమె ఈయన వంక చూసింది. ఈయన అడ్డంగా తలూపారు.

బయట తుక్కు లారీ హారన్ మోగుతోంది. మేడమ్ విసిగిపోయి తలుపు దగ్గరదాన్నే కట్టించుకుంది. పోనీ దీన్ని ఇంటికి తీసుకెళ్తామంటే, తుక్కులో పడ్డది ఎవరికీ ఇవ్వకూడదన్నాడు వాచ్‌మన్. లారీలోకి విసిరేశారు. తెర పగిలిన చప్పుడు నాకు వినిపించింది. ఈయన మూత స్క్రూలు గుప్పిట్లో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

మ్యూజియంలో ఆ తలుపు దగ్గరదాన్ని దీపాల కింద పెట్టారు. ఈయన ప్రోగ్రామే అందులో ఎక్కించారు. మీట నొక్కితే "మొదటి రకం" అని వస్తుంది. ప్రారంభం రోజున నొక్కడానికి ఈయన్నే పిలిచారు. వెళ్లొద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వెళ్లారు. నొక్కారు. అందరూ చప్పట్లు కొట్టారు.

తిరిగొస్తూ బస్సులో, "చిప్పు మాత్రం కిటికీ పక్కదాందేలేవే," అన్నారు.

"మరి నా పేరు పడ్డ తెరేదండీ?" అన్నాను.

"ప్రోగ్రాం మాత్రం సరిగ్గానే నడిచింది," అని, బస్సులో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చారు. నాకు ఓదార్చబుద్ధి కాలేదు.