ఉయ్యాల తాడు

చిలకలూరిపేటలో ఒక బట్టల షోరూముకెళ్తే, పాత చేతి కుట్టుమిషనును అద్దాల పెట్టెలో అలంకారంగా పెట్టారు. పక్కన బోర్డు: "ఇంటినీ వ్యాపారాన్నీ గెలిచిన అమ్మలకు." ఏం గెలిచిందండీ మా అమ్మ?

మన ఈడు వాళ్లకు గుర్తుందా, ఆ మిషను నూనె వాసన? యుద్ధం రోజుల్లో నరసరావుపేటలో మా ఇల్లు గడిచింది దాని మీదే. అమ్మ కుడిచెయ్యి మిషను తిప్పేది, ఎడమచెయ్యి గుడ్డ జరిపేది, కాలి బొటనవేలికి కట్టుకున్న తాడు చెల్లాయి ఉయ్యాలను ఊపేది.

ఒక రోజు చెల్లాయికి జ్వరం. గుమ్మంలో పెళ్లివారి ఆవిడ నిలబడింది.

"ఏందే మస్తానమ్మా, రేపు పెళ్లి పెట్టుకుని ఇంకా రవికకు చేతులే అతకలేదా?"

"అయిపోయిందక్కా, ఈ ఒక్క కుట్టే."

చెల్లాయి ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. నిద్రపోయిందనుకుని అమ్మ రవిక పూర్తిచేసింది. లేచి చూస్తే పిల్ల ఒళ్లు చల్లబడిపోయి ఉంది.

"నీ మిషనే మింగిందే పిల్లను!" మంచం మీద బీడీ కాల్చుకుంటున్న నాన్న అరిచాడు. వీధంతా అదే మాట అంది. చిన్నతనం, నేనూ నమ్మాను.

ఇన్నేళ్లకు అడుగుతున్నాను. ఆ మంచం ఉయ్యాలకు బారెడు దూరమే. ఆ తాడు నాన్న కాలికి ఎందుకు కట్టలేదు?