నూకరాజు సబ్బుకు పట్టిన చీమలు

1944 మొదట్లో మాట. అనకాపల్లి చుట్టుపక్కల గానుగలన్నీ ఆడుతున్న రోజులు. మద్రాసు నుంచి వెలువడే ఒక దినపత్రికకు నేను ఆ ఊరి కరస్పాండెంటుని. అదేమీ పెద్ద ఉద్యోగం కాదు. ఊళ్ళో జరిగింది చూసి, విని, కాగితం మీద పెట్టి, కవరులో వేసి మద్రాసు వెళ్ళే మెయిలుకు అందించడమే పని. ఆ కాగితాన్ని మేము కాపీ అనేవాళ్ళం. అది చేరేది డెస్కుకి, అంటే ఆఫీసులో కూర్చుని మా రాతలు దిద్దేవాళ్ళ దగ్గరికి. యుద్ధం వల్ల కాగితం కరువై పత్రిక చిక్కిపోయింది. కంట్రోళ్ళు, రేషన్లు తప్ప మా ఊరి సంగతులకు అందులో చోటు దొరకడం గగనం. అలాంటి రోజుల్లో, తప్పకుండా అచ్చయ్యే వార్త ఒకటి తనంతట తానే నడిచి మా అరుగు మీదికి వచ్చింది.

తెచ్చినవాడు జగన్నాథం. బజారులో పెద్ద కిరాణా కొట్టు ఆయనది. అరిటాకు పొట్లం ఒకటి నా ముందు పెట్టి, దూరంగా జరిగి, పుల్లతో విప్పాడు. లోపల సగం అరిగిన బట్టల సబ్బు, ముదురు గోధుమరంగుది. దాని మీద చీమలు.

“నూకరాజు సబ్బు. రాత్రి గూట్లో పెడితే పొద్దున్నకి ఇలా ఉంది. సబ్బుకి చీమలు పట్టడం ఎక్కడైనా విన్నారా మీరు?”

వినలేదన్నాను.

“కొవ్వు కలిపితేనే పడతాయి. గొడ్ల కొవ్వు కరిగించి పోస్తున్నాడని ఊరంతా చెప్పుకుంటోంది. మీరు పేపర్లో వెయ్యండి. పేపర్లో పడితే చాలు, మిగతాది జనం చూసుకుంటారు.”

ఆ చివరి మాట నాకు నచ్చలేదు.

నూకరాజు ఆ ఊరివాడే. విశాఖపట్నంలో ఒక సబ్బుల కార్ఖానాలో పనిచేసేవాడు. జపాను బాంబులు పడి పట్నం సగం ఖాళీ అయినప్పుడు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చేసి, ఊరి చివర పెంకుటింట్లో సొంతంగా సబ్బు వండడం మొదలుపెట్టాడు. కంపెనీ సబ్బులు దొరకని కాలం. అతని సబ్బు చూపుకి మొద్దుగా ఉన్నా నురుగు బ్రహ్మాండంగా వచ్చేది. ఏడాది తిరక్కుండా ఊళ్ళో సగం ఇళ్ళు దానికి అలవాటుపడ్డాయి.

అలవాటుపడ్డ ఊరే ఇప్పుడు అతన్ని అనుమానిస్తోంది. అనుమానానికి ఆధారాలు లేకపోలేదు. సబ్బు వండేటప్పుడు పెరటి తలుపు గడియపెట్టుకుంటాడు. అప్పుడు వీధంతా ఒక మాడు కంపు కొడుతుంది. తెల్లవారుజామున ఒక బండి వస్తుంది. దాని మీద గోనెలు కప్పిన కుండలు. ఒకసారి కుండ పగిలి దారి పొడుగునా నల్లగా, చిక్కగా ఏదో కారిందని, దాని మీద ఈగలు ముసిరాయని చూసినవాళ్ళు చెప్పారు. ఆవు కొవ్వని కొందరికి చేరింది, పంది కొవ్వని మరికొందరికి చేరింది. ఎవరికి ఏది ఎక్కువ రోతో అదే వాళ్ళ చెవిన పడింది.

నేను నూకరాజుని ఎంత అనుమానించానో జగన్నాథాన్నీ అంతే అనుమానించాను. ఆయన కొట్లో కంపెనీ సబ్బు అమ్ముతాడు. వార్త మోసుకొచ్చినవాడికి ఆ వార్తతో ఏం పని అని ముందు చూడమని మా డెస్కులో ఒక పెద్దాయన చెబుతుండేవాడు. అంచేత ఆ రోజు కాపీ రాయలేదు. నూకరాజు ఇంటికి వెళ్ళాను.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కాస్టిక్ సోడా పడి చేతులు అక్కడక్కడ తెల్లగా కాలి ఉన్నాయి. నన్ను చూసి వాకిట్లోనే మంచం వాల్చాడు, వీధి తలుపుకి అడ్డంగా.

“ఏటి బాబూ, ఇలాగొచ్చేరు?”

“సబ్బు ఎలా చేస్తావో చూద్దామని.”

“సేత్తంటే సూడ్డానికేటుంది బాబూ! ఉతికితే తెలుత్తాది.”

“ఏమేం వేస్తావు?”

“ఇప్ప నూని. సోడా. నీళ్ళు.”

“అంతేనా?”

“అంతే.”

“బండి మీద వచ్చే కుండల్లో ఏముంది?”

అతను తలుపు వైపు చూశాడు. అక్కడ అతని భార్య సన్యాసమ్మ నిలబడి ఉంది. ఆవిడ భర్తని చూసింది, నన్ను చూసింది, లోపలికి వెళ్ళిపోయింది.

“అది మా ఇంటిసయం బాబూ,” అన్నాడు నూకరాజు. “ఎండెక్కిపోతంది. ఎల్లిరండి.”

నిజం దాస్తున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో మా పనిలో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. అతను దాస్తున్నాడు. అందులో నాకు సందేహం లేకపోయింది.

అక్కడి నుంచి శారదా నది ఒడ్డుకి వెళ్ళాను. ఊరి బట్టలుతికే పోలమ్మ ఆ సబ్బు మొదటి నుంచీ వాడుతోంది. ఒక మాట రాయాలంటే ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు చెప్పాలి. దాన్ని మేము కన్ఫర్మేషన్ అంటాం. పోలమ్మ రెండో మనిషి అవుతుందనుకున్నాను.

“కొవ్వో గివ్వో నాకేటి తెలుసు బాబూ?” అంది పంచె ఒకటి బండకేసి బాదుతూ. “నిన్నటిదాకా పోలమ్మా, ఆ సబ్బే ఎయ్యే అన్నోల్లే, ఇయాల మా బట్టలు ముట్టకే అంతన్నారు. సబ్బు మారిందా, ఈల్ల బుద్ది మారిందా?”

“నీకు అనుమానం లేదా?”

“ఎందుకునేదు? బోల్డంత ఉంది. ఇంత నురుగు ఉత్తినే రాదు. ఆడేదో ఏత్తన్నాడు. ఏసింది మంచిదైతే సెప్పుకోడేటి?”

రెండో మనిషి దగ్గర కూడా నాకు దొరికింది అనుమానమే, సాక్ష్యం కాదు.

ఆ వారంలోనే నూకరాజు వాకిట్లో ఆరబెట్టిన సబ్బు పలకలను ఎవరో తిరగేసి మట్టిలో తొక్కేశారు. పోలీసులకు చెప్పలేదతను. దాంతో ఊరి అనుమానం ఇంకా బలపడింది. దారిలో కనబడ్డవాళ్ళంతా నన్ను ఒకటే అడుగుతున్నారు, పేపర్లో ఎప్పుడు పడుతుందని. నేను రాయబోయేది అగ్గిపుల్ల అని, దాన్ని ఎవరి ఇంటి మీద పడెయ్యాలో వాళ్ళు ఇప్పటికే నిర్ణయించుకున్నారని అర్థమైంది.

తెల్లవారే వేళ ఆ కుండల బండి ఖాళీగా తిరిగి వెళ్తుంటే సైకిలు మీద దాని వెంట పడ్డాను. అది తుమ్మపాల దారి పట్టి, ఊరి బయట ఒక గానుగ దగ్గర ఆగింది. ఎద్దులు తిరుగుతున్నాయి. పెద్ద పెనంలో చెరకు పాలు కుతకుత ఉడుకుతున్నాయి. పొయ్యి పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. నేను రెండడుగులు వేశానో లేదో కేక పెట్టింది.

“సెప్పులిప్పు నాయనా! పెనం కాడికి సెప్పుల్తో వత్తే బెల్లం కట్టదు!”

చెప్పులు విడిచాను. ఆమె పేరు బంగారమ్మ. సన్యాసమ్మకు తల్లి. బండి తోలుకొచ్చిన అప్పన్న ఆమె కొడుకు, అంటే నూకరాజుకి బావమరిది. అక్కడ పెనమంటే దేవుడి గదితో సమానమని చూస్తుంటేనే తెలుస్తోంది. కొత్త బెల్లంలో మొదటి దిమ్మ మా ఊరి అమ్మవారు నూకాలమ్మకు పోయాకే రెండోది బజారుకి వెళ్తుందట. పెనం నుంచి తీసిన దేన్నీ కాళ్ళ కింద పడనివ్వరు.

చెరకు పాలు కాగేటప్పుడు పైకి నల్లటి నురుగు తేలుతుంది. దాన్ని మడ్డి అంటారు. గరిటెలతో తీసి పశువులకు పెడతారు. అప్పన్న ఆ మడ్డిని కుండలో పోసుకుని పశువుల సావిడి వైపు వెళ్ళలేదు. చెరకు పిప్పి కుప్ప వెనక్కి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. అక్కడ గోనెలు, కుండలు. కుండల నుంచి కారి ఎండిన నల్లటి చారలు. వాటి వెంట బారులు తీరిన చీమలు.

“నూకరాజు నురుగు కోసం సబ్బులో వేసేది ఇదేనా?”

అతను పొయ్యి వైపు తొంగి చూశాడు. “మెల్లగా బాబూ! మాయమ్మ ఇంటాది.”

“వింటే ఏం?”

“ఏటంటారేటి బాబూ! అమ్మోరికెట్టే బెల్లం తీసిన పెనం. దాని మడ్డి ఎల్లి పురిటి గుడ్డలూ మైల గుడ్డలూ ఉతికే సబ్బులో కలుత్తాదంటే మాయమ్మ బతుకుద్దా? బజార్లో దలారీలు మా దిమ్మ ముట్టుకుంటారా?”

“ఊళ్ళో మీ బావ కొవ్వు కలుపుతున్నాడంటున్నారు. ఇల్లు కాల్చేలా ఉన్నారు.”

“తెలుసు బాబూ. మా బావే అన్నాడు. కొవ్వంటే నా ఒక్కడి పేరే పోద్ది, మడ్డంటే మీ పెనం పోద్ది, నోరెత్తకు అన్నాడు.”

అప్పుడు నాకు ఇంకో సంగతి కూడా తెలిసింది. సోడాలో పడిన మడ్డి మాడిన వాసనే ఆ వీధి కంపు. గానుగల కాలంలో మా ఊరు ఊరంతా బెల్లం వాసనే. పొద్దస్తమానం అదే పీల్చే ముక్కులకు ఆ కంపులో బెల్లం ఒక్కటే తెలియలేదు.

తిన్నగా నూకరాజు ఇంటికి వచ్చి చూసిందంతా చెప్పాను. అతను నా చేతులు పట్టుకున్నాడు.

“రాత్తే కొవ్వనే రాసుకోండి బాబూ. మడ్డని మాత్రం రాయకండి.”

రాయొద్దని నా కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు. తన మీద అబద్ధం రాయమని బతిమాలినవాడు అతనొక్కడే. ఏం చెయ్యాలో తోచలేదు. నిజం రాస్తే అత్తవారి పెనం పోతుంది. ఊరుకుంటే ఈ ఇల్లు పోతుంది.

తలుపు వెనక నుంచి సన్యాసమ్మ బయటికొచ్చింది. “ఈయనకేటి, సులువుగా సెప్పేత్తాడు. కొవ్వోడి పెల్లం అని రేపు నీల్లకెల్తే నన్ను కదా అంతారు!” అని, కొంగు బిగించి, భర్త పిలుస్తున్నా వినకుండా పుట్టింటి దారి పట్టింది.

తరవాతి సంత రోజున, పట్టపగలు, ఆ బండి బజారులోకి వచ్చింది. కుండల మీద గోనెలు లేవు. కుండల మధ్య బంగారమ్మ కూర్చుని ఉంది, పక్కన కూతురు. తోలుతున్నది అప్పన్న. బండి తిన్నగా జగన్నాథం కొట్టు ముందు ఆగింది. జనం మూగారు. నేనూ మూగాను.

“నాయనా, సావుకారూ! మా అల్లుడు కొవ్వు కలిపేడన్నది నువ్వేనా?” అని ముసలామె ఒక కుండలో వేలు ముంచి నాకింది. కుండ ముందుకి తోసింది. “నువ్వూ నాకు. కొవ్వో మడ్డో నీ నాలికే సెప్తాది.”

జగన్నాథం చుట్టూ చూశాడు. అందరూ ఆయన వేలినే చూస్తున్నారు. ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

“మడ్డే,” అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. “మా అమ్మ అన్నం ముట్టడం లేదమ్మా. ఆ సబ్బుతో ఉతికిన చీర కట్టుకుని దేవుడికి దీపం పెట్టేనని ఒకటే ఏడుపు.”

కంపెనీ సబ్బు అమ్ముకోవడానికే ఈ ప్రచారమని నేను పెంచుకున్న అనుమానం అక్కడితో ఆగిపోయింది. కానీ ఆయన అక్కడితో ఆగలేదు.

“మరి అమ్మవారి పెనం మీది మడ్డితో మైల బట్టలు ఉతకొచ్చా?”

జనంలో గుసగుస మొదలైంది. అప్పన్న తల దించుకున్నాడు. నూకరాజు గుంపు చివర రాయిలా నిలబడ్డాడు.

“మడ్డి గొడ్డుకెడతాం. తప్పునేదు,” అంది బంగారమ్మ. “ఆ గొడ్డు పేడతో మీ వాకిలి అలుకుతారు. తప్పునేదు. గుడ్డకి రాత్తే తప్పొచ్చిందేటి నాయనా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. పోలమ్మ గొంతు అనుకుంటాను. దాంతో గుంపంతా నవ్వింది.

“అక్క సెప్పకముందే నీకు తెలుసా అమ్మా?” అన్నాడు అప్పన్న నోరు తెరిచి.

“తెల్దేటిరా? పెనం కాడే జుట్టు నెరిసింది నాకు. మడ్డి కుండ సావిట్లోకెల్లకుండా పిప్పి కుప్ప ఎనకాలకెల్తే కనపడదేటి?” అని అల్లుడి వైపు చూసింది. “సారా కాసుకుంటన్నాడనుకున్నాను. అల్లుడు కదా, అడిగితే బాగోదని ఊరుకున్నాను.”

అంతా సుఖాంతమైందని చెప్పలేను. ఆ వారం బజారులో దలారీలు బంగారమ్మ దిమ్మలను పక్కన పెట్టారు. ఆమె రోజూ వచ్చి వాటి పక్కనే కూర్చుంది. మంచి కట్టుబడి, మంచి రంగు. ఒకాయన కొన్నాక మిగతావాళ్ళూ కొన్నారు. పలకలు తొక్కినవాళ్ళెవరో చివరికీ తేలలేదు. జగన్నాథం తల్లి అన్నమైతే తింది గాని, మడ్డి తగిలిన చీర దేవుడి గదికి పనికిరాదని దాన్ని పనిమనిషికి ఇచ్చేసింది.

నేను పంపిన చిన్న కాపీ, ‘బెల్లం మడ్డితో బట్టల సబ్బు’, అచ్చు కాలేదు. చోటు లేదన్నారు. కొవ్వని రాసి ఉంటే చోటు దొరికేదని నాకూ తెలుసు, డెస్కుకీ తెలుసు.

తరవాత చాలా ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నాను. ఫలానావాడు ఏదో దాస్తున్నాడంటూ ఎందరో పొట్లాలు విప్పారు. చాలాసార్లు అది నిజమే. అయితే ఏం దాస్తున్నాడని అడగడం నేను మానేశాను. ఎవరికి తెలియకూడదని దాస్తున్నాడని అడుగుతాను. నూకరాజు దాచింది ఊరి నుంచి కాదు, ఒక ముసలామె నుంచి. ఆ ముసలామెకు తెలుసు. ఆమె దాచింది అల్లుడి నుంచి.

మా ఊళ్ళో చీమలు పట్టకుండా బెల్లం కుండను నీళ్ళ పళ్ళెంలో పెడతారు. ఆ ఏడాది వేసవికల్లా చాలా ఇళ్ళలో నూతి గట్టు మీద ఇంకో నీళ్ళ పళ్ళెం కనిపించింది. దాని నడుమ చిప్పలో నూకరాజు సబ్బు.