పది నిమిషాలు ముందున్న వాచీ

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో, పక్కనున్న ముసలి దర్జీకి నా స్టీలు వాచీ చూపించాను. దుబాయి సరుకని, సెకను కూడా తప్పదని కోతలు కోశాను. నిజానికి ఆదోని బజారులో కొన్నదే. లోపలున్న మూడు చిన్న గడియారాలు ఎందుకో నాకిప్పటికీ తెలియదు. బస్సు తప్పకూడదని ముల్లును పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకున్నాను.

ఆయన రంజాన్ రోజాలో, అంటే ఉపవాసంలో ఉన్నాడు. ఆరున్నరకు విడవాలి. ఆయన ఫోనులో చార్జింగు లేదు.

"ఆరున్నర అయ్యిండాదా అన్నా?"

వాచీలో ఆరున్నర, అసలు టైము ఆరూ ఇరవై. నిజం చెబితే పరువు పోతుంది. "అయిందప్పా, తిను" అన్నాను.

ఆయన ఖర్జూరం తిన్న కాసేపటికి, దారిలోని ఊరి మసీదులో ఉపవాసం విడిచే అజాన్ మొదలైంది.

"వాళ్ల గడియారం వెనకుందేమో" అన్నాను.

"ఉండొచ్చులే అన్నా. దీనికి బదులు ఇంకోనాడు రోజా ఉంటాను" అని నాకూ ఒక ఖర్జూరం ఇచ్చాడు. ఎమ్మిగనూరు దాకా దాన్ని గుప్పిట్లోనే పట్టుకున్నాను. తినలేకపోయాను.