‘బేగి’ మీద ఎర్ర గీత

మా మామయ్య పోయారన్న కబురు నాకు ఆఫీసు బస్సులో తెలిసింది. మా ఆఫీసుండే సెక్టర్ ఫైవ్ ఇంకా రాలేదు. "నాన్న పోయారు" అని మా ఆయన మెసేజ్ పెట్టారు. దాని కిందే నా ఫోను, ఎవరూ అడక్కుండానే, మూడు జవాబులు సిద్ధం చేసి పెట్టింది. సరే. ధన్యవాదాలు. ఒక బొటనవేలు బొమ్మ. వేలు పొరపాటున తగిలితే మామగారి చావుకు ధన్యవాదాలు వెళ్లిపోయేవి! దాన్ని కిటికీలోంచి విసిరికొట్టాలనిపించింది. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది, ముందు వచ్చింది కోపమే. ఇప్పటికీ తగ్గలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ కోపంతోనే రాస్తున్నాను, మీరేమనుకున్నా సరే.

ఆయన షాలిమార్ రైల్వే గూడ్స్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. నాది వరంగల్. ఉద్యోగానికి కలకత్తా వచ్చి వాళ్లింటి కోడలినయ్యాను. కాపురానికొచ్చిన కొత్తలో నా పల్చటి ల్యాప్‌టాప్ చూసి ముచ్చటపడతారనుకున్నాను. ఆయన దాన్ని బోర్లా తిప్పి, అంచంతా వేలితో తడిమి, "స్క్రూలేవమ్మా?" అన్నారు. లేవు, జిగురు పెట్టి అతికించేస్తారు అన్నాను. అయితే ఇది నీది కాదు, ఇంకా వాళ్లదే అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఏడాది తిరక్కుండా దాని బ్యాటరీ ఉబ్బిపోయి, విప్పడం కుదరదని దుకాణంవాడు చేతులెత్తేశాక గానీ ఆయనన్నది ఎక్కలేదు.

ఆయన కంప్యూటర్ ఆయనే కట్టుకున్నది. చాందినీ మార్కెట్‌లో ఒక్కో ముక్కా ఏరి తెచ్చుకునేవారు. అక్కడ దుకాణాల్లో అందరూ దాదా, అంటే అన్నా అని పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టేవారు. పెట్టెకు పక్క మూత ఎప్పుడూ ఉండేది కాదు. ఆదివారం పూట రంగులేసే బ్రష్‌తో లోపల దుమ్ము దులుపుతూ, ఏ భాగం ఏం చేస్తుందో అత్తమ్మకు చెప్పేవారు. ఆమె చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఊఁ కొట్టేవారు.

స్మార్ట్‌ఫోన్ వచ్చాక అసలు గొడవ మొదలైంది. ఒకసారి అత్తమ్మకు నలతగా ఉంటే ఆయన కొడుక్కి ‘బేగి రా’ అని కొట్టారు. బేగి అంటే వాళ్ల వైపు త్వరగా అని. ఫోను దాన్ని తప్పనుకుని దిద్దేసింది. ‘బ్యాగ్ రా’ అని వెళ్లింది. మా ఆయన ఏ బ్యాగో తెలియక, దారిలో బజారులో ఆగి మరీ ఒక పెద్ద బ్యాగు కొనుక్కుని నింపాదిగా ఇంటికొచ్చారు. అత్తమ్మ మంచం మీదే నవ్వారు. నేను నవ్వలేదు. ఎవరో ఎక్కడో కూర్చుని మా ఇంట్లో మాట తప్పని ఎలా తేలుస్తారు? నా ‘గట్ల’కూ ఎర్ర గీతే, ఆయన ‘ఏటి’కీ ఎర్ర గీతే. మా ఇద్దరి తెలుగూ కలవదు గానీ, తప్పుల్లో మాత్రం మమ్మల్ని ఒక్క గాటనే కట్టింది.

మామయ్యకు మాత్రం కోపం వచ్చేది కాదు. "దానికి రాదమ్మా. నేర్పాల," అనేవారు. ఎర్ర గీత పడ్డ ప్రతి మాటనూ నొక్కి, ఇది సరైనదేనని ఫోను నిఘంటువులో చేర్చేవారు. బేగి, ఏటి, ఒగ్గేయ్, ఎల్లొస్తాను. బెంగాలీ కలిసిన మా ఇంటి మాటలు కూడా. ఒక అప్‌డేట్ వచ్చి అన్నిటినీ ఊడ్చేసింది. నేను మండిపడి ఆ కంపెనీకి పెద్ద ఫిర్యాదు రాశాను. మీ అభిప్రాయం మాకు విలువైనది అని మిషనే జవాబిచ్చింది. నేను తిడుతుంటే ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదటి మాట నుంచి నేర్పడం మొదలుపెట్టారు. నా తర్వాత ఈ ఫోను నువ్వు వాడు, నేర్పిన మాటలన్నీ ఇందులోనే ఉంటాయి అని అత్తమ్మ ముందే నాతో చెప్పారు.

ఆయన పోయాక ఒక మధ్యాహ్నం అదే ఫోను తీసి ‘తి’ అని కొట్టాను. పైన ‘తిన్నావేటి’ అని చూపించింది. దాన్ని నొక్కితే, తర్వాత మాటగా ‘అమ్మా’ అంది. నాకు రోజూ పంపే మెసేజే అది. అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె ఇంకోటి కొట్టమన్నారు. ‘మం’ కొట్టాను. ‘మందేసుకున్నావేటి’ అని వచ్చింది. అది ఆమెకు పెట్టేది. ఆ పూటంతా ఇద్దరం ఒక్కో అక్షరం కొడుతూ ఆయన మాటలు విన్నాం. ఏడ్చాం, నవ్వాం కూడా. ఇల్లంతా ఖాళీ అయినా ఆ ఒక్క చోట ఆయన ఇంకా పలుకుతున్నారని నాకు ధైర్యం వచ్చింది.

పెద్దకర్మ మర్నాడు న్యూ టౌన్ నుంచి మా మరిది వచ్చాడు. వాడూ నాలాగే సాఫ్ట్‌వేరే. నాన్న ఖాతాలు ఎవరి చేతిలోనైనా పడతాయని, నేను ఆఫీసులో ఉండగా, ఫోనును మొత్తం తుడిచేసి కొత్తదానిలా చేసిపెట్టాడు. ఇంటికొచ్చి చూసి వాడిని నిలదీశాను.

"ఫొటోలన్నీ దింపేశాను వదినా. నంబర్లున్నాయి. ఏదీ పోలేదు," అన్నాడు.

"మామయ్య మాటలు ఏడున్నయి?"

"ఏం మాటలు?"

చెప్పాను. వాడి మొహం పాలిపోయింది. వాడిని ఎంత తిట్టానో నాకే గుర్తులేదు, కానీ తప్పు వాడొక్కడిదే అని ఇప్పుడు అనను. ఏవి దాచాలని ఆ ఫోను అడిగిందట. ఫొటోలు అంది, వీడియోలు అంది, నంబర్లు అంది. మనిషి కూర్చుని నేర్పిన మాటల్ని లెక్కలోకే తీసుకోలేదు. అలాంటి యంత్రాల్ని పరీక్షించి బాగున్నాయని సంతకం పెట్టడమే నా ఉద్యోగం కూడాను. ఛీ అనిపించింది.

మరిది తల వంచుకుని వెళ్లిపోయాడు. ఫోను భోజనాల బల్ల మీద వెలుగుతోంది. అత్తమ్మ వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏటడుగుతోందే?"

"ఏ భాష కావాల్నో చెప్పుమంటోంది అత్తమ్మా."

ఆమె కొంచెం ఆలోచించారు. "మీ మావ బాస అని సెప్పు," అన్నారు.

వేలితో జాబితా కిందికి జరిపాను. తెలుగు అని ఉంది. నొక్కలేకపోయాను. అత్తమ్మ నా చేతివైపే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఫోను తనంతట తానే మొదటి తెరకు వెళ్లి, బెంగాలీలో, హిందీలో, తమిళంలో, ఒక్కో భాషలో ఒక్కోసారి మాకు నమస్కారం పెట్టసాగింది.