చెంగు కప్పి ఇచ్చిన బొమ్మలు

మెషీన్ మీద నుంచి అప్పుడే దిగిన ఫ్లెక్సీకి కిరసనాయిలు లాంటి ఒక ఘాటు వాసన ఉంటుంది. తణుకులో ఈ షాపు పెట్టినప్పటి నుంచీ అది నా చొక్కాలకు పట్టే ఉంది కనుక మామూలుగా నాకు తెలియదు. నిన్న తెలిసింది. దసరాకు పేదపిల్లలకు బొమ్మలు పంచుతామంటూ కొందరు కుర్రాళ్ళు ఫోన్‌కు ఒక డిజైను పంపారు. పైన గుండ్రటి చట్రాల్లో దాతలు నవ్వుతున్నారు. కింద పోయినేడు బొమ్మలు పుచ్చుకున్న పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. "బాబాయ్ గారూ, పిల్లల మొహాలు ఇంకొంచెం పెద్దవి చెయ్యండి, చూస్తే జాలెయ్యాలి" అని వాయిస్ మెసేజ్. అది విన్నాక, ఎన్నాళ్ళుగానో తెలియని ఆ వాసన గొంతులోకి దిగింది. పక్క కొట్టు వైపు చూశాను. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉంది. సుభద్రమ్మ గారు ఉన్న రోజుల్లో అది బొమ్మల కొట్టు.

వర్తకుల ఇంటి కోడలు ఆవిడ. భర్త పోయాక కొట్టు తనే నడిపారు. ఏ పిల్లాడు ఏ బొమ్మ పట్టుకున్నా "ముట్టుకోకు" అనేవారు కాదు. కొనలేని వాళ్ళని తెలిసినా సరే, కారుకు కీ ఇచ్చి గల్లా బల్ల మీద ఒక చుట్టు తిరగనిచ్చేవారు. నేను షాపు తెరిచిన కొత్తలో బేరాల్లేక ఈగలు తోలుకుంటుంటే, "అబ్బాయ్, ఖాళీగా కూర్చుంటే కొట్టు మూసినట్టే ఉంటుంది, ఇలా వచ్చి ఈ పెట్టెలు విప్పు" అని పని చెప్పి, మధ్యాహ్నం తన క్యారేజీలోంచి అన్నం పెట్టిన మనిషి.

ఏటా దసరా ముందు కొట్టు గుమ్మంలో ఒక పెద్ద అట్టపెట్టె పెట్టేవారు. మంచి బొమ్మలుంటే ఇవ్వండి, కాలవ గట్టు మీద గుడిసెల్లో పిల్లలకు ఇస్తాం అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవారు. మొదటి ఏడు ఆ పెట్టెలో ఏం పడ్డాయో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. చెయ్యి లేని బొమ్మలు, చక్రం ఊడిన లారీలు, జుట్టంతా పీకేసిన పాప బొమ్మ. ఇల్లు దులిపి చెత్తబుట్టలో వేయాల్సినవి మన ఊరి పెద్ద పెద్ద మేడల వాళ్ళు కారులో తెచ్చి ఇచ్చారు. ఒకావిడ సంచి బోర్లించి వెళ్ళబోతుంటే సుభద్రమ్మ గారు ఆపారు.

"ఏవండీ, మీ మనవడి పుట్టినరోజుకి ఎవరైనా ఇది పట్టుకొస్తే ఏం చేస్తారు?"

"బలేవారే. వాళ్ళకి ఇదే ఎక్కువ కదండీ."

"ఎవరికండీ?"

సుభద్రమ్మ గారు ఆ బొమ్మలన్నీ తిరిగి సంచిలో సర్ది, కారు దాకా వెళ్ళి సీటు మీద పెట్టి వచ్చారు. ఆ తర్వాత ఆ ఇంటి వాళ్ళు ఆ కొట్టు గుమ్మం తొక్కలేదు. "పోనీలే, చక్రాల్లేని లారీలు తప్పాయి" అని నవ్వేశారు సుభద్రమ్మ గారు.

ఆవిడ బొమ్మలు ఇచ్చే పద్ధతి మరెక్కడా చూడలేదు. శ్రావణమాసంలో ఆడవాళ్ళు ఒకరికొకరు వాయనం ఇచ్చుకునేటప్పుడు చెంగు కప్పి ఇస్తారు కదా, ఏమిచ్చిందీ పక్కవాళ్ళకు కనపడకుండా, అలా. పిల్లల్ని పిలిచేవారు కాదు. గుడిసె గుడిసెకూ వెళ్ళి తల్లిని పక్కకు పిలిచి, బొట్టు పెట్టి, బొమ్మను చెంగు చాటున ఆమె చెంగులోకి జార్చేవారు. "పండగ రోజు పొద్దున నువ్వే ఇయ్యి. అమ్మ కొంది అనుకోవాలి" అనేవారు. సంచులు మోస్తూ వెంట వెళ్ళిన నేను ఒకసారి, "మరి మనం ఇచ్చామని ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాను. ఆవిడ ఆగి నా వైపు వింతగా చూసి, "తెలిసి ఏం చేస్తారు అబ్బాయ్?" అన్నారు. ఆ ప్రశ్న నాలోనే ఉండిపోయింది, పుండులా.

మా బజారు వాళ్ళు ఉత్సవ కమిటీ పెట్టి, బొమ్మల పంపకం కూడా తామే ఘనంగా చేస్తామన్నప్పుడు ఆ పుండు పగిలింది. నన్ను కార్యదర్శిని చేశారు. ఊళ్ళో ఫ్లెక్సీలన్నీ నాకే వస్తాయని నా ఆశ. సుభద్రమ్మ గారు ఒకటే మాట అన్నారు: "బొమ్మలు నేనిస్తాను. స్టేజీ వద్దు." సరేనన్నాను. స్టేజీ కట్టించాను.

ముఖ్య అతిథి ఎంతకూ రాలేదు. పిల్లలంతా ఎండలో బొమ్మల పెట్టెలు పట్టుకుని నిలబడ్డారు. ఫోటో అయ్యేదాకా విప్పకూడదని మేం పెట్టిన ఆజ్ఞ. పసిపిల్లల చేతికి బొమ్మ ఇచ్చి ముట్టుకోవద్దనడం ఎంత క్రూరమో అంతమంది పెద్దల్లో ఒక్కరికీ తట్టలేదు. గట్టు మీద ఉండే నాగమణి కూతురు దుర్గ మాత్రం ఆగలేక అట్ట చించి లక్కపిడతలు బయటికి తీసింది. నేనే వెళ్ళి ఆ పిల్ల చేతుల్లోంచి లాక్కున్నాను. అది ఏడ్చింది. కెమెరా అతను సరిగ్గా అప్పుడే నొక్కాడు. ఆ ఏడుపు మొహమే బాగా వచ్చిందని కమిటీ అధ్యక్షుడు గారు మురిసిపోయారు. మర్నాటికి అది 'పేదబాలల కన్నీరు తుడిచిన కమిటీ' అన్న అక్షరాల కింద, మా కొట్ల ఎదుటి సెంటర్లో సరుగుడు కర్రల మీద నిలబడింది. వేసింది నా మెషీనే.

దసరా సెలవులయ్యి బడి తెరవగానే నాగమణి నా షాపుకు వచ్చింది. లక్కపిడతల పెట్టె కౌంటర్ మీద పెట్టింది.

"ఇది తీసేసుకోండి బాబూ. ఆ బొమ్మ తీసేయండి సెంటర్లోంచి. బళ్ళో పిల్లలు ముష్టి దుర్గ అంటన్నారంట. బడికెళ్ళనని కూచుంది."

"కమిటీని అడగాలమ్మా. వారం ఆగు" అన్నాను. అడగలేదు. అధ్యక్షుడికి కోపం వస్తే గిరాకీ పోతుందని భయపడ్డాను. ఒక పిల్ల చదువు కంటే నాకు ఆ గిరాకీ బరువుగా తోచింది.

మా మాటలు పక్క కొట్లో సుభద్రమ్మ గారు విన్నారు. సెంటర్లోకి నిచ్చెన తెప్పించి, పార్సిళ్ళు విప్పే కత్తి పట్టుకుని, మోకాళ్ళ నొప్పులతో తనే ఎక్కారు. అధ్యక్షుడు గారు కింద నిలబడి, "అది కమిటీ సొత్తండీ" అని అరుస్తున్నారు. "మొహం దుర్గదండీ" అన్నారు ఆవిడ తాళ్ళు కోస్తూ. నేను వెళ్ళి నిచ్చెనైనా పట్టుకుని ఉండొచ్చు. షట్టరు సగం దించుకుని ఆ సందులోంచి చూశాను.

తర్వాత చుట్ట చుట్టిన ఫ్లెక్సీని నా గుమ్మంలో పెట్టి, "మీ సరుకండీ" అన్నారు. అబ్బాయ్ అనలేదు. ఆ తర్వాత పోయేదాకా ఎప్పుడూ అనలేదు. దుర్గ బడికి వెళ్ళిందా అని ఎవరినీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది. వాళ్ళు నరసాపురం వైపు వెళ్ళిపోయారని చాన్నాళ్ళకు విన్నాను.

నిన్న ఆ కుర్రాళ్ళకు ఫోన్ చేసి, పిల్లల మొహాలు తీసేస్తే ఊరికే వేసిస్తానన్నాను. "మొహాల్లేకపోతే డొనేషన్లు ఎవరిస్తారు బాబాయ్ గారూ?" అని నవ్వారు. సాయంత్రానికి ఎక్కడో వేయించారు. సెంటర్లో కట్టేశారు. అన్ని పెద్ద మొహాలు. చూసినవాళ్ళు చూసి టీ తాగి వెళ్ళిపోతున్నారు.

ఇవాళ పొద్దున కాలవ గట్టుకు వెళ్ళాను. ఆవిడ పోయాక ఏటా దసరాకు బొమ్మలు కొంటాను కానీ మొదటి గుడిసె దాకా వెళ్ళి తిరిగొచ్చేస్తాను. నాకు చెంగు లేదు, భుజాన తువ్వాలుంది. దాని కింద పెట్టె పట్టుకుని ఒక తల్లిని పిలిచాను.

"ఎవరిచ్చారని చెప్పమంటారండీ పిల్లకి?" అందామె.

"నువ్వు కొన్నానని చెప్పమ్మా" అన్నాను.

లోపలి నుంచి పిల్ల తొంగిచూడబోతే నేనే మొహం పక్కకు తిప్పుకున్నాను. ఇంటికి వచ్చి నిచ్చెన తీసి ఆటోలో వేయించాను. ఫ్లెక్సీలు కోసే కత్తి నా దగ్గరే ఉంది. సెంటర్ ఎంతో దూరం లేదు.