సాయిలు మామ జరిపిన స్టూల్

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, సాయిలు మామ పోయిండు."

మా వైపు వీధికో సాయిలు ఉంటాడు. వాళ్లలో ఎవరో అయి ఉంటాడని మనసు తప్పించుకోబోయింది. "ఏ సాయిలు రా?" అన్నాను.

"కాలేజ్ సాయిలు మామనే. గుండె నొప్పి లేషిందట. దవాఖానకు తీస్కపోతుంటెనే..."

అప్పుడు నేను ల్యాబ్‌లో, చేపల ట్యాంక్ ముందు, నల్ల కర్టెన్ వెనక ఉన్నాను.

ఆ కర్టెన్ వెనక కూర్చోవడం నేర్పిందే ఆయన.

బాన్సువాడ డిగ్రీ కాలేజీలో నాతో చదివినవాళ్లకు సాయిలు మామను పరిచయం చేయక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: మా జువాలజీ ల్యాబ్ అటెండర్. నిజాంసాగర్ పక్కన, చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. ఉద్యోగం రాకముందు వల వేసేవాడు.

ఫైనల్ ఇయర్‌లో నేనొక ప్రాజెక్ట్ చేశాను. చేపకు కళ్లు రెండు పక్కలా ఉంటాయి. కొత్తదాన్ని, అనుమానం ఉన్నదాన్ని అది ఎక్కువగా ఒకే కంటితో చూస్తుంది. మెదడులో ఎడమ సగం, కుడి సగం ఒకే పని చేయవు కాబట్టి. మన చేతివాటం లాంటిదే అనుకోండి. పుస్తకంలో ఇది చదివి నాకు నిద్ర పట్టలేదు.

దోమల కోసం బావుల్లో వదిలే గప్పీలను సాయిలు మామ పట్టుకొచ్చాడు. పొడవాటి ట్యాంక్, చివర్లో పుల్లల అడ్డం. అక్కడికి వచ్చిన చేప ఎడమకు తిరుగుతుందా, కుడికా? దాన్ని బట్టే అది ఏ కంటితో చూస్తుందో తెలుస్తుంది. నేను పక్కన స్టూల్ మీద కూర్చుని రాసుకునేదాన్ని.

ఎడమ. ఎడమ. మళ్లీ ఎడమ.

ఎగిరి గంతేశాను. చార్టు మీద స్కెచ్ పెన్నులతో పోస్టర్ కూడా రాసేశాను.

ఆ పోస్టర్ మీదే నా ఆశంతా. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. డిగ్రీ అయ్యాక చదువు బంద్ అని బాపు ముందే చెప్పేశాడు. నిజామాబాద్ ఎగ్జిబిషన్‌లో పోస్టర్ ఎవరి కంటనైనా పడితే, మా ఊరు బీర్కూర్ వచ్చి బాపుతో మాట్లాడతానని మా జువాలజీ సార్ మాటిచ్చారు.

ఎగ్జిబిషన్‌కు ముందు రోజు సాయిలు మామ నా స్టూల్ ఎత్తి ట్యాంక్ అవతలి పక్కన పెట్టాడు.

"బిడ్డా, ఇగ గిప్పుడు రాయి."

కుడి. కుడి. కుడి.

"వలేసెటోడు ఏ పక్క నిలవడ్తే చేప గా పక్కకు రాదు. నువ్వు దాన్ని సూస్తున్న అనుకుంటున్నవ్. అది నిన్ను సూస్తుంది."

"పోస్టర్ అయిపోయింది గద మామా!" ఏడుపొచ్చేసింది నాకు.

"పోస్టర్ అయిపోయిందని చేపకు తెల్వది గదనే."

కోపంతో ఆయనతో మాట్లాడకుండానే కొత్త చార్టు తీశాను. రెండు పక్కల వచ్చినవీ రాశాను.

ఒక్క చేప మాత్రం స్టూల్ ఎటున్నా ఎడమకే తిరిగింది, స్టూల్ జరిపాక నేను కూర్చున్న పక్కకే వచ్చింది. అది కూడా రాశాను.

నిజామాబాద్‌లో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ నా చార్టు ముందు చాలాసేపు నిలబడ్డారు.

"స్టూల్ మార్చి చూడాలని ఎవరికి తోచింది?"

"నాకే సార్," అన్నాను.

సాయిలు మామ నా వెనకే ఉన్నాడు. రెండు చేతులతో చేపల బకెట్ పట్టుకుని.

ప్రైజ్ రాలేదు. కానీ ఆ ప్రొఫెసర్ మా సార్‌తో, "ఈ అమ్మాయిని ఆపకండి" అన్నారు.

తిరుగు బస్సులో మామ బకెట్‌ను మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. రుద్రూర్ దాటాక మెల్లగా అడిగాడు.

"ఏం బిడ్డా, స్టూల్ మస్తు బరువున్నదా? చేతులు నొస్తున్నయా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయనే నవ్వేశాడు.

మర్నాడు ల్యాబ్‌కు వెళ్లేసరికి ట్యాంక్ చుట్టూ ఆయన పాత లుంగీ కట్టి ఉంది. నేను చూడ్డానికి చిన్న కన్నం. "ఇగ నువ్వు దానికి కనవడవు," అన్నాడు. ఎడమకే తిరిగే ఆ చేప పిల్లలు పెడితే వాటిని వేరే ట్యాంక్‌లో పెంచాడు. అవి పెద్దయ్యాక లుంగీ చాటు నుంచి చూశాం. చాలావరకు ఎడమకే.

"తల్లి మొండిదైతే పిల్లలు మెత్తగుంటయా?" అన్నాడు మామ.

ఒక్క తల్లి, ఒక్క కాన్పు. దాంతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ ఆ ఎడమవాటం తల్లి నుంచి పిల్లకు వస్తుందా, వస్తే ఏ జీన్ల వల్ల అన్నదే ఇప్పుడు నా పీహెచ్‌డీ. ఆ ప్రొఫెసరే నా గైడ్.

సెలవుల్లో కాలేజీకి వెళ్తే మామ అడిగేది ఒకటే. "చేతుల నొప్పి తక్కువైందా బిడ్డా?"

నవ్వి తప్పించుకునేదాన్ని. థీసిస్ మొదటి పేజీలో పేరు వేసి, తీసుకెళ్లి ఆయన చేతిలో పెడదామనుకున్నాను. ఒక్క మాట చెప్పడానికి థీసిస్ దాకా ఆగాలా? ఆగాను.

అందుకే ఇక్కడ, మీ అందరి ముందు రాస్తున్నాను. ఆ రోజు స్టూల్ జరిపింది నేను కాదు. సాయిలు మామ. ఈ పోస్ట్ పెట్టేముందు మా గైడ్‌కు కూడా ఇదే మెయిల్ చేశాను. ఆయన ఏమన్నా వింటాను. థీసిస్ మొదటి పేజీలో ఆ పేరు మాత్రం ఉంటుంది.

మామా, చేతుల నొప్పి తగ్గింది.

నువ్వు నిమ్మళంగా పో.