మురై తెలియని ఇంగ్లీషు కథ

మా మామ ఇంగ్లీషు నవల చదివి వినిపించే ముందు గొంతు సవరించుకునేవాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకునేవాడు. తర్వాత మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఇంకొంచెం ఉప్పు వేసి ఉండాల్సింది అనేవాడు. ఇంతా అయ్యేసరికి మేము ఒక బుట్ట పత్తి ఏరి పక్కన పెట్టేవాళ్ళం.

చోళపురం దారిలో మాకు పత్తి చేలు ఉండేవి. పంట ఇంటికి వచ్చాక, జిన్నింగు మిల్లుకు తోలే ముందు, అందులోని ఎండుటాకులూ కాయపొట్టూ ఏరాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక నడవలో కూర్చుని అమ్మ, నాయన అక్కగారైన పెద్దత్త, పక్కింటి ఆడవాళ్ళు, నేను ఆ పని చేసేవాళ్ళం. మామ స్తంభానికి ఆనుకుని కూర్చుని కథ చెప్పేవాడు. ఒక్క పొట్టు ముక్క కూడా ఆయన ఏరగా నేను చూడలేదు.

ఆయన అమ్మకు ఒక్కడే తమ్ముడు. మదురైలో కాలేజీకి పోయి, పరీక్ష తప్పి, ఒక నల్ల కోటూ ఒక ఇంగ్లీషు నవలా పట్టుకుని మా ఊరు రాజపాళయానికి తిరిగి వచ్చాడు. ఎవరో దొర ఇల్లు ఖాళీ చేసి పోతూ పారేసిన సామాన్లలో దొరికిందట ఆ నవల. అప్పట్లో మా ఊళ్ళో మిల్లులు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడికి ఉద్యోగం రాకుండా ఉండాలంటే చాలా కష్టపడాలి. మామ ఆ కష్టం పడ్డాడు.

ఆ మామకే నన్ను ఇవ్వాలని అనుకున్నారు. నేను పుట్టిన పురిటి గది గుమ్మంలో నిలబడి 'ఈ పిల్ల నాది' అన్నాడట. అది విని అందరూ మురిసిపోయారట. మా ఊళ్ళో మురై అని ఒక మాట ఉంది. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఎవరిని చేసుకోవచ్చు అన్నదంతా ఆ మాటలోనే ఉంటుంది. అమ్మ తమ్ముడికి అక్క కూతురి మీద మురై ఉంది. పత్తి అమ్ముడుపోగానే పరిసం వేసి సంబంధం ఖాయం చేయాలని పెద్దవాళ్ళ ఆలోచన. నాకు ఇష్టం లేదని ఒకసారి అమ్మతో అన్నాను. అమ్మ విననట్టు చింతపండు పిసుకుతూ ఉండిపోయింది. నాయనకు చెబితే, ఆయన అమ్మ వైపు తిరిగి, "నీ తమ్ముడు, నీ కూతురు. నువ్వే చూసుకో" అని చేనికి వెళ్ళిపోయాడు. నాకు అప్పుడు పదహారేళ్ళు. మజ్జిగలో ఉప్పు తక్కువైందనే ఆ గొంతును జన్మంతా వినాలని తలచుకుంటే ఒళ్ళు మండిపోయేది.

ఇక ఆ నవల. తల్లీ తండ్రీ లేని ఒక తెల్ల పిల్ల, పెద్ద రాతి ఇల్లు, ఆ ఇంట్లో ఆమెను పెంచుతున్న అంకుల్. ఆ మాట రాగానే పెద్దత్త పత్తి ఏరడం ఆపేసింది.

"అంకులంటే ఎవురప్పా? నాయన కూడ పుట్టినవాడా, అమ్మ కూడ పుట్టినవాడా?"

మామ పుస్తకంలోకి చూశాడు. పైకప్పు చూశాడు. "అంకులంటే అంకులే వదినా" అన్నాడు.

"అట్లంటే ఎట్ల? మురై చెప్పకుండా కదై చెప్తే మాకేం అర్థమవుతాది?"

మామ మళ్ళీ గొంతు సవరించుకుని, "చిన్నాయన" అన్నాడు. అందరూ తృప్తిగా మళ్ళీ పత్తిలో చేతులు పెట్టారు.

ఆ చిన్నాయన పరమ దుర్మార్గుడని రెండు రోజుల్లోనే తేలింది. పొలాలు కొలిచే ఒక కుర్రవాడు ఆ పిల్లను ఇష్టపడితే చిన్నాయన వాడిని కుక్కను తరిమినట్టు తరిమాడు. పిల్లను మేడ గదిలో పెట్టి తాళం వేశాడు. పిల్ల కిటికీ దూకి వానలో పడి ఏడుస్తూ నడిచింది. వానలో నడిస్తే ఏడుపెందుకని పక్కింటావిడ అడిగింది. మా ఊళ్ళో వాన పడితే జనం వీధిలోకి వచ్చి నిలబడి చూస్తారు. అది ఇంగ్లీషు వాన, అందులో నడిస్తే దగ్గు పట్టుకుంటుందని మామ చెప్పాడు. పిల్లకు దగ్గు పట్టుకుంది. మామ ఆ దగ్గు దగ్గి చూపించాడు. దాంతో నడవంతా కన్నీళ్ళే.

పెద్దత్త ముక్కు చీదింది. పక్కింటావిడ కొంగు తడిసిపోయింది. పుస్తకం మొదట్లో ఆ పిల్ల బొమ్మ ఉంది, తల మీద పూలబుట్ట బోర్లించినట్టు ఒక టోపీ, గడ్డం కింద రిబ్బను. అమ్మ ప్రతిరోజూ ఆ బొమ్మ అడిగి చూసి, "పాపం, ఎంత లక్షణంగా ఉండాది. అడిగేవాళ్ళు లేకపోయినారే" అని కళ్ళు ఒత్తుకునేది. నాకు ఆ కన్నీళ్ళను చూస్తే అసహ్యం వేసేది. ఊరూ పేరూ తెలియని తెల్ల పిల్లను ఇష్టం లేని చోట పెట్టి తాళం వేశారని ఏడుస్తున్న వీళ్ళు, లేవగానే పరిసానికి నాకు ఏ రంగు చీర తేవాలని మాట్లాడుకునేవాళ్ళు. నేను వాళ్ళ ఎదురుగానే కూర్చుని ఉండేదాన్ని. నన్ను అడిగేవాళ్ళు లేరని ఒక్కరికీ తోచలేదు.

కోపం ఉన్నవాళ్ళకు చెవులు బాగా పనిచేస్తాయేమో. మామ మొదటి రోజు చదివిందొకటి నాకు గుర్తుంది. ఆ రాతి ఇంట్లో అటక మీద ఒక పాత తొట్టిలు ఉందనీ, ఆ పిల్ల తల్లి పసిబిడ్డగా అందులోనే పడుకుందనీ చెప్పాడు. చిన్నాయన మళ్ళీ గది తాళం వేసిన రోజు నేను అడిగాను.

"మామా, అమ్మ పడుకున్న తొట్టిలు చిన్నాయన ఇంట్లో ఎట్ల ఉండాది?"

అందరి చేతులూ ఆగిపోయాయి. తల్లి పసిబిడ్డగా ఉన్న ఇల్లు తల్లి పుట్టిల్లు. తల్లి పుట్టింట్లో నాయన తమ్ముడికేం పని? మా నడవలో ఆ మాత్రం తెలియని ఆడది లేదు.

మామ కళ్ళజోడు తీసి మళ్ళీ తుడిచాడు. "ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట" అన్నాడు.

"రెండింటికీ ఒకటేనా?" పెద్దత్త నోరు వెళ్ళబెట్టింది. "మామకు, చిన్నాయనకు? అయ్యో, వాళ్ళకు మురై తెలీదా?"

దేశాలన్నీ ఏలుతూ, ఎక్కడో యుద్ధం చేస్తూ, మాకు బియ్యం రేషన్ పెట్టిన జాతికి మామకూ చిన్నాయనకూ తేడా తెలియదని తేలింది. నాకు మొదటిసారి ఆ మధ్యాహ్నం బాగుందనిపించింది. దుర్మార్గుడు మామేనని తేలిపోయింది కదా, ఇక అమ్మ నా వైపు ఒక్కసారైనా చూస్తుందనుకున్నాను.

నా ఆశ ఎంతోసేపు నిలవలేదు. పెద్దత్త పకపకా నవ్వింది. "మామేనా! దానికా ఈ పిల్ల ఇంత ఏడ్పు? మురై ఉండేవాడు, ఇల్లు ఉండేవాడు. తాలి కట్టించుకోని సుకంగా ఉండకుండా, వానలో ఎందుకు పరిగెత్తినాది?"

ఆడవాళ్ళంతా అవునంటే అవునన్నారు. అంతసేపూ కార్చిన కన్నీళ్ళు తుడుచుకుని, ఆ పిల్లకు కొవ్వెక్కువని తేల్చేశారు. అమ్మ కూడా నవ్వింది. ఇంగ్లీషు వాళ్ళలో మామకు ఇవ్వరని నేను అరిచి చెప్పినా ఎవరు వింటారు? మామ ముఖం మాత్రం వెలిగిపోయింది. మర్నాడు మజ్జిగ కూడా అడగకుండా వచ్చి కథ ముగించాడు. పిల్లకు బుద్ధి వచ్చిందట, దగ్గు తగ్గిందట, మామ కాళ్ళ మీద పడిందట, చర్చిలో పెళ్ళి జరిగిందట.

"శుభం" అని పుస్తకం మూసి నా వైపు చూశాడు. ఆ చూపులో ఉన్న వెకిలితనం ఇప్పటికీ నాకు అరగదు.

ఆయన బొటనవేలు ఎప్పటిలాగే పుస్తకం మొదట్లోనే ఇరుక్కుని ఉంది. ఇంగ్లీషు చిక్కటి భాష, ఒక్క పేజీ పిండితే రోజుల తరబడి కథ వస్తుందేమో అని అంతవరకు అనుకున్నాను. ఆ రోజు అనుమానం వచ్చింది. లేచి పుస్తకం లాక్కున్నాను.

"ఇంకా ఇంత కాగితం ఉండాదే, దీంట్లో ఏముండాది?"

"ఇయ్యి పిల్లా. నీకేం అర్థమవుతాది?" అని చేయి చాపాడు.

నిజమే, నాకు ఇంగ్లీషు రాదు. బొమ్మలు చూడడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. వెనక నుంచి తిప్పితే చివరి కాగితం ముందే ఒక బొమ్మ దొరికింది. తీసుకుపోయి అమ్మ ఒళ్ళో పెట్టాను. ఒక సమాధి. దాని మీద రాతి సిలువ. పక్కన తల వంచుకుని నిలబడ్డ ఒక ముసలివాడు.

"అది వేరే ఎవురిదో అక్కా. ఎవురో ముసలి పాటిది" అన్నాడు మామ.

అమ్మ బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. సిలువకు ఒక టోపీ తగిలించి ఉంది, పూలబుట్ట బోర్లించినట్టు. రిబ్బను కిందికి వేలాడుతోంది. అమ్మ మొదటి బొమ్మ తిప్పి చూసింది. మళ్ళీ చివరిది చూసింది. ఆ టోపీని మా ఇంట్లో ఆమెకంటే ఎక్కువసార్లు చూసినవాళ్ళు లేరు.

"ఇది ఆ పిల్లదేరా" అంది.

పెద్దత్త ఏదో అనబోయింది. అమ్మ వినిపించుకోలేదు. నా ముఖంలోకి చూసింది. కొన్ని నెలల తర్వాత మొదటిసారి చూసినట్టు చూసింది. తర్వాత పుస్తకం మూసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"మజ్జిగ తాగి పో తమ్ముడా. పరిసం మాట ఇంక ఎత్తద్దు."

మామ మూడు నెలలు మా గడప తొక్కలేదు. మా నడవకు అంత ప్రశాంతత ఎన్నడూ లేదు.

తర్వాతి ఏడాది మంసాపురంలో వ్యవసాయం చేసుకునే ఒకాయనకు నన్ను ఇచ్చారు. నన్ను అడిగే ఇచ్చారు. ఎవరికిచ్చినా పెళ్ళికూతురి చేయి పట్టుకుని పందిట్లోకి తెచ్చేది మేనమామే. అదీ మురైలో భాగమే. ఆ నల్ల కోటు వేసుకుని, ముఖం మాడ్చుకుని వచ్చి నా చేయి పట్టుకున్నాడు. నాదస్వరం మోగుతోంది, మా మాట ఎవరికీ వినపడదు. తల వంచుకుని నడుస్తూనే అడిగాను.

"మామా, ఇప్పుడైనా నిజం చెప్పు. ఆ పిల్ల ఎట్ల చచ్చిపోయినాది?"

"నాకేం తెలుసు" అన్నాడు పళ్ళ బిగువున. "తొట్టిలు దాటి నేనెక్కడ చదివినాను?"

కుర్రవాడు, తాళం, వాన, దగ్గు, అన్నీ ఆయన పుట్టించినవే. ముక్కు చీదిన వాళ్ళంతా మా మామ అబద్ధాలకు ముక్కు చీదారు. పందిట్లో పెళ్ళికూతురు నవ్వకూడదంటారు. నేను గట్టిగా నవ్వాను, నాదస్వరం వాయించే ఆయన కూడా తిరిగి చూశాడు. ఆ పిల్ల ఎలా చచ్చిపోయిందో ఇప్పటికీ నాకు తెలియదు. చచ్చిపోయిందని మాత్రం అమ్మకు తెలిసింది, నేను బతికిపోయాను.